మైసూరు గానంలో తెలుగు మాట
(పాఠశాల 75 ఏండ్ల ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైసూరు సంగీత విద్వాంసులను గూర్చి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. విషయం పెద్దది, ఇచ్చిన వ్యవధి చిన్నది. కనుక మైసూరు వీణ బాణీని, ప్యాలెస్ బ్యాండును, దసరా కచేరీలను పక్కనుంచి, ఈ సభకు మిక్కిలి దగ్గరైన ఒక్క అంశాన్నే మనవి చేస్తాను. ఈ నగరంలో తెలుగును గానం ద్వారా నిలిపినవారిలో ముఖ్యుల ఇంటిభాష తెలుగు కాదు.

ముందుగా సదాశివరావుగారిని తలచుకోవాలి. వారు మరాఠీ కుటుంబీకులు. పుట్టినది చిత్తూరు ప్రాంతంలోని గిరింపేట. త్యాగరాజస్వామి శిష్యులైన వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ వద్ద విద్య నేర్చి, ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో మైసూరు ఆస్థానంలో ఆదరణ పొందారు. వారి కృతులు తెలుగులోను, సంస్కృతంలోను ఉన్నవి. వీణ శేషణ్ణగారు (1852-1926) గాత్రం అభ్యసించినది వీరి వద్దనే. అనగా తిరువయ్యారు నుండి వాలాజాపేట మీదుగా ఒక తెలుగు పాయ పంతొమ్మిదవ శతాబ్దంలోనే ఈ ఊరికి చేరిందన్నమాట.

రెండవ పాయ మైసూరు వాసుదేవాచార్యులవారు (1865-1961). వారిది కన్నడ మాధ్వ కుటుంబం. వారు సంస్కృతంలో పండితులు. చామరాజ ఒడెయరు ప్రోత్సాహంతో తిరువయ్యారు వెళ్ళి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌గారి వద్ద గురుకులవాసం చేశారు. ఆ గురువుగారి గురువు, మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, త్యాగరాజ శిష్యులు. ఆచార్యులవారు తాము చూచిన కళాకారులను గూర్చి వ్రాసిన పుస్తకం కన్నడంలో ఉన్నది. కృతులు మాత్రం తెలుగులోను, సంస్కృతంలోను వెలువడినవి. ఖమాస్ రాగంలోని ‘బ్రోచేవారెవరురా’ వారిదే. 1980లో ‘శంకరాభరణం’ చిత్రం వచ్చిన పిమ్మట ఆ పాట తెలుగునాట ఇంటింటా మారుమ్రోగింది. ఆ ఏడు ఆంధ్రదేశం నుండి మా ఇంటికి వచ్చిన బంధువులకు, దాన్ని రచించినవారు మా ఊరి కన్నడిగులని నమ్మించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది!

కన్నడ కుటుంబీకులు తెలుగులో ఎందుకు రచించారు? తెలుగు అజంత భాష, అందుచేత గానానికి అనుకూలమని మనవారు గర్వంగా సమాధానం చెబుతూంటారు. ఆ మాట నిజమే గాని చాలదు. కన్నడమూ అజంతమే కదా! గురుపరంపరయే అసలు కారణమని నా అభిప్రాయం. వందలాది తెలుగు కృతులను కంఠస్థం చేసినవానికి రాగంతో పాటు ఆ మాటల పోహళింపూ అబ్బుతుంది. తాను రచించ పూనుకొన్నప్పుడు అదే నాలుకపైకి వస్తుంది.

తరువాతి కాలంలో కన్నడానికి వేదికపై దక్కవలసిన స్థానం దక్కింది. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కోరికపై ముత్తయ్య భాగవతార్‌గారు (1877-1945) చాముండేశ్వరీ అష్టోత్తర కృతులను కన్నడంలో కూర్చారు. కొంకణి ఇంట పుట్టిన బిడారం కృష్ణప్పగారు (1866-1931) దేవరనామాలకు కచేరీలో గౌరవం తెచ్చారు. శివరాంపేటలోని రామమందిరం వారి కృషి ఫలమే. ఏడు తంత్రుల వయొలిన్ వాయించిన చౌడయ్యగారు (1895-1967) వారి శిష్యులే. ఈ మార్పును చూచి మనం నొచ్చుకోవలసిన పని లేదు. దేశభాషకు దేశంలో పీట వేయడం ధర్మం.

నన్ను కలవరపెట్టేది వేరొకటి. ఈనాటికీ గానభారతి వారి వీణె శేషణ్ణ భవనంలో గాని, ఎనిమిదవ క్రాసు గణేశోత్సవంలో గాని తెలుగు కృతి లేని గాత్ర కచేరీ అరుదు. పాడేవారు సాహిత్యాన్ని కన్నడ లిపిలో వ్రాసుకుంటారు. అందులో దోషం లేదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు. కాని ‘చాల’, ‘చూపు’, ‘జాలి’ అన్నచోట మన నాలుక దంతాలను తాకుతుంది. కన్నడంలో ఆ ఉచ్చారణ లేదు, దానికి అక్షరమూ లేదు. మన పూర్వులు ౘ, ౙ అని వ్రాసి చూపేవారు. నేడు తెలుగు అచ్చులోనే ఆ గుర్తు కానరాదు. ‘బ్రోచు’లో చకారం దంత్యం, ‘బ్రోచే’లో తాలవ్యం. ఈ తేడా వినిపించకపోతే మాట మరొకరి మాటవలె ఉంటుంది. పదాలను ఎక్కడ విరవాలో తెలియక తాళానికి తగినట్లు విరిచి, అర్థాన్ని రెండుగా చీల్చడం మరీ బాధాకరం.

పాడేవారిని తప్పుపట్టను. అర్థం అడగడానికి వారు ఎవరి వద్దకు వెళ్ళాలి? నా వద్ద వీణ నేర్చుకొనే కన్నడ బాలిక ఒకతె తన పక్కన కూర్చున్న తెలుగింటి పిల్లను, “బ్రోచు అంటే ఏమిటి?” అని అడిగింది. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి అడిగింది. ఇంట్లోనూ ఎవరికీ తెలియలేదు. మనం తరతరాలుగా మాట్లాడుతున్న తెలుగులో ఉప్పూ పప్పూ నిలిచినవి, ఈ మాటలు జారిపోయినవి. జీవనోపాధి కోసం పిల్లలను ఇంగ్లీషు బడులకు మార్చే తల్లిదండ్రులను నేను నిందించలేను. అయితే ఈ బడిలో తెలుగు తరగతులు పలుచబడితే ఊరంతా పాడుతున్న మాటలకు అర్థం చెప్పగల చోటు ఒకటి తగ్గుతుందని వారితో చెప్పక తప్పదు.

నా కోరిక చిన్నది. శనివారం మధ్యాహ్నాలలో ఒక గది తెరిచి ఉంచండి. ఏ ఇంటిభాషవారైనా సరే, సంగీతం నేర్చుకొనే పిల్లలు తమ పుస్తకాలతో రావచ్చు. మన తెలుగు పండితులు ఒక్కొక్క కృతికి పదవిభాగం, అర్థం, ఉచ్చారణ చెప్పాలి. పై తరగతుల మన విద్యార్థులు కన్నడ లిపిలోనే సాహిత్యం వ్రాసి, దంత్యాక్షరం క్రింద చిన్న చుక్క పెట్టి ఇవ్వాలి. ఆ పని చేస్తే వారి తెలుగు కూడా గట్టిపడుతుంది. రుసుము వద్దు.

మొదటి పాఠానికి ఆచార్యులవారి ఖమాస్ కృతినే పదవిభాగంతో వ్రాసి, ఈ ఉదయం ప్రధానోపాధ్యాయులవారికి అందజేశాను. వీణ నేను తెస్తాను. ఏ శనివారం నుండి అన్నది వారు సెలవియ్యాలి.