పాత టాబ్లెట్ మార్చాలా? ఒక స్టోర్స్ ఉద్యోగి లెక్క

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించో, పెన్షన్ సవరణ గురించో, ఆసుపత్రి రిఫరల్ గురించో మాట్లాడటానికి ఇక్కడ నాకంటే తెలిసినవారు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం కార్యదర్శిగారు "టాబ్లెట్ మార్చాలా, వద్దా" అనే విషయం అప్పగించారు. మన వయసులో టాబ్లెట్ అంటే ముందు గుర్తొచ్చేది బి.పి. మాత్ర. నేను చెప్పబోయేది పలకలాంటి ఆ యంత్రం గురించి. కరోనా రోజుల్లోనూ, ఆ తర్వాతా పిల్లలు కొనిచ్చినవి మనలో చాలామంది ఇళ్లలో ఉన్నాయి. వాటికి నాలుగైదేళ్లు నిండాయి, నడక మందగించింది. పండగ వచ్చిందంటే "నాన్నా, కొత్త మోడల్ వచ్చింది, మార్చేద్దాం" అని పిల్లల ఫోను. డబ్బు వాళ్లదైనా మనదైనా, అది పదిహేను నుంచి పాతిక వేల మాట. ఊరికే ఊ అనదగినది కాదు, ఊరికే వద్దనదగినదీ కాదు.

నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. రైల్వే స్టోర్స్ విభాగంలో 32 ఏళ్లు పనిచేసినవాణ్ణి. పాత సామాను కండెమ్ చేయాలని కాగితం వస్తే మా సెక్షన్‌లో మూడు ప్రశ్నలు అడిగేవాళ్లం. ఈ వస్తువు చేయవలసిన పనిలో ఇప్పుడు ఏది చేయడం లేదు? మరమ్మతు చేస్తే గిట్టుబాటు అవుతుందా? కొత్తది తెస్తే ఎన్నేళ్లు నడుస్తుంది? ఈ మూడింటికీ జవాబు లేని ఇండెంటు వెనక్కి పోయేది. టాబ్లెట్‌కూ ఇవే ప్రశ్నలు సరిపోతాయని నా అనుభవం.

మొదటి ప్రశ్న. ఏ పని జరగడం లేదు? ఒక కాగితం తీసుకుని, టాబ్లెట్‌తో వారంలో మీరు చేసే పనులన్నీ రాయండి. వార్తలు చదవడం, భక్తి పాటలు, పాత సినిమాలు, మనవలతో వీడియో మాటలు, సంఘం సర్క్యులర్లు చూడటం. ఇంతకు మించి మనలో ఎక్కువమందికి ఉండవు. వాటిలో జరగని పని ఎదురుగా గుర్తు పెట్టండి. ఒక్క గుర్తూ పడకపోతే కొత్తది అవసరం లేదన్నమాటే.

ఇక్కడ కొన్ని అపోహలు తీసేయాలి. లైఫ్ సర్టిఫికెట్ కోసం కొత్త టాబ్లెట్ కావాలని కొందరు అనుకుంటున్నారు. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. ముఖం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. దానికి కావలసింది ఆండ్రాయిడ్ ఫోను, 5 మెగాపిక్సెల్ కెమెరా, ఇంటర్నెట్. ఏడాదికి ఒకసారి చేసే పని. అబ్బాయి ఫోన్‌లోనో, పక్కింటివారి ఫోన్‌లోనో చేసుకోవచ్చు. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి స్వల్ప రుసుముతో చేసే ఏర్పాటూ ఉంది. దీనికోసం ఇరవై వేలు పెట్టనక్కరలేదు.

యూపీఐ చెల్లింపుల మాటా అంతే. బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ నుంచి సందేశం వెళితేగాని యూపీఐ నమోదు కాదు. సిమ్ లేని వైఫై టాబ్లెట్ ఎంత కొత్తదైనా ఆ పనికి రాదు. అది ఫోన్ పని, ఫోన్‌లోనే ఉండనివ్వండి. వాట్సాప్ మాత్రం ఫోన్‌తో పాటు టాబ్లెట్‌కూ జోడించుకోవచ్చు.

అక్షరాలు కనబడటం లేదన్నది మరో కారణం. ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. శుక్లాలు వచ్చిన కంటికి ఏ తెర అయినా మసకగానే ఉంటుంది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అనే చోట అక్షరాల సైజు పెంచుకోండి. ఈ సదుపాయం పాత టాబ్లెట్‌లోనూ ఉంది. తెరమీది మాటలను చదివి వినిపించే ఏర్పాటు కూడా యాక్సెసిబిలిటీ అనే చోట ఉంటుంది.

రెండో ప్రశ్న. మరమ్మతుతో సరిపోతుందా? టాబ్లెట్‌లో రెండు రకాల జాగాలు ఉంటాయి. ఒకటి స్టోరేజి. అది మన గోడౌను. రెండోది ర్యామ్. అది గుమాస్తా ముందున్న బల్ల. గోడౌను నిండిపోతే సామాను బయటికి తీయొచ్చు. బల్ల చిన్నదైతే మాత్రం దాన్ని పెద్దది చేయలేం. పాత టాబ్లెట్లలో చాలావాటికి గోడౌను 32 జీబీ. అందులో పెద్ద భాగం కంపెనీ సామానే. మిగిలిన చోటులో వాట్సాప్ శుభోదయాలు, పెళ్లి వీడియోలు నిండి ఉంటాయి. అవి ఏరేయండి. వాడని యాప్‌లు తీసేయండి. ఒకసారి ఆపి మళ్లీ వెలిగించండి. వీడియో మాటలు తెగుతుంటే వైఫై పెట్టె పక్కన కూర్చుని మాట్లాడి చూడండి. అక్కడ బాగుంటే తప్పు టాబ్లెట్‌ది కాదు, గోడలది.

మా బ్రాంచిలోనే ఒక మిత్రుడు, గార్డుగా రిటైరైనవారు, కొత్తది కొనడానికి డబ్బు కూడా తీసి ఉంచుకున్నారు. ఇద్దరం కూర్చుని చూస్తే గోడౌనులో అరంగుళం జాగా లేదు. రెండు గంటలు పట్టింది ఖాళీ చేయడానికి. ఆయన చదివేది పేపరు, వినేది ప్రవచనాలు. ఆ రెండూ హాయిగా నడుస్తున్నాయి. ఆ డబ్బుతో ఆయన దంతాలు కట్టించుకున్నారు.

బ్యాటరీ సంగతి వేరు. ఏళ్లు గడిచేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది, అది సహజం. పూట నిలవకపోతే బ్యాటరీ మార్పించవచ్చు. ఖర్చు కొత్తదాని ధరలో నాలుగో వంతు దాటితే మాత్రం ఆలోచించాలి, ఇది నా లెక్క. అయితే బ్యాటరీ ఉబ్బి, వెనకవైపు మూత లేచినట్టు కనబడితే ఇక ప్రశ్నలు లేవు. ఆ రోజే ఛార్జింగ్ ఆపి, దాన్ని వాడకం నుంచి తీసేయండి. అది అగ్నిప్రమాదం మాట.

మూడో ప్రశ్న. కొత్తది ఎన్నేళ్లు నడుస్తుంది? అసలు విషయం ఇక్కడే ఉంది. ఒకే కంపెనీ, ఒకే వరసలోని మూడు మోడళ్లు తీసుకుని, కంపెనీవారు ప్రకటించిన వివరాలనే పక్కపక్కన పెట్టి చూశాను. శాంసంగ్ గెలాక్సీ టాబ్ ఏ8 2021 చివర్లో ప్రకటించారు. ఏ9 ప్లస్ 2023లో వచ్చింది. ఏ11 ప్లస్ 2025లో వచ్చింది. నేను ఆ కంపెనీ మనిషిని కాను, ఉదాహరణకే చెబుతున్నాను.

మూడింటికీ బ్యాటరీ 7040 ఎంఏహెచ్. మూడింటి తెర చుక్కలూ 1920 బై 1200. వెనక కెమెరా 8 మెగాపిక్సెల్, ముందు కెమెరా 5 మెగాపిక్సెల్, మూడింటికీ అంతే. తెర 10.5 అంగుళాల నుంచి 11కు పెరిగింది. పాతదానిలో తెరమీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే, తర్వాతి రెండింటిలో 90 సార్లు మారుతుంది. వేలితో జరిపినప్పుడు కొంచెం నునుపుగా కదులుతుంది. షాపులో ముందు చూపించేది ఇదే. పేపరు చదివేవాడికి దీనితో ఒరిగేది తక్కువ.

ఒరిగేవి రెండున్నాయి. ఒకటి బల్ల. ఏ8 మన దేశంలో 3 జీబీ, 4 జీబీ ర్యామ్‌తో అమ్మారు. ఏ11 ప్లస్ 6 జీబీ నుంచి మొదలవుతుంది, గోడౌను 128 జీబీ. రెండోది ఆయుర్దాయం. ఏ8 ఆండ్రాయిడ్ 11తో వచ్చి, కొత్త ఆండ్రాయిడ్ విషయంలో 14తో ఆగింది. ఏ11 ప్లస్‌కు ఏడేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. బజారులో ఇంకా పాత స్టాకు కూడా ఉంటుంది. రెండు మూడు వేలు తక్కువకు వస్తుందని ఆశపడితే, ఆ తక్కువలో పోయేది ఈ ఏళ్లే.

లెక్క వేయండి. ఇరవై వేల వస్తువు నాలుగేళ్లు నడిస్తే ఏడాదికి ఐదు వేలు. ఏడేళ్లు నడిస్తే మూడు వేల లోపు. రైల్వేలో ప్రతి యంత్రానికీ కోడల్ లైఫ్ అని ఒకటి రాసి ఉండేది. టాబ్లెట్‌కు కోడల్ లైఫ్ ఈ భద్రతా అప్‌డేట్ల గడువే. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. బ్యాటరీ 800 సార్లు ఛార్జి అయ్యాక కూడా 80 శాతం శక్తి నిలుపుకోవాలి. అంటే ఎన్నాళ్లు మన్నుతుందన్న ప్రశ్న పిసినారి ముసలివాళ్ల ప్రశ్న కాదు, చట్టాలు అడుగుతున్న ప్రశ్న.

మీ పాతదాని గడువు తెలుసుకోవడం కష్టం కాదు. సెట్టింగ్స్‌లో చివర "అబౌట్ టాబ్లెట్" అని ఉంటుంది. అందులో సాఫ్ట్‌వేర్ వివరాల్లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఉంటుంది. అది ఏడాదికి మించి పాతదై, కొత్త అప్‌డేట్ కూడా చూపించకపోతే, ఆ టాబ్లెట్‌లో బ్యాంకు పనులు మానేయండి. అది ఆ మర్నాడే ఆగిపోదు. తాళం పాతబడిన బీరువా లాంటిది. అందులో పుస్తకాలు పెట్టుకోవచ్చు, పెన్షన్ డబ్బు పెట్టకూడదు.

ఇక మా ఇంటి సంగతి చెబుతాను. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, గడప దాటడం తక్కువ. ఆమెకు టాబ్లెట్టే గుడి, పేరంటం, మనవరాలు. ఆదివారం పొద్దున మనవరాలు అమెరికా నుంచి మాట్లాడుతుంది. మాట మధ్యలో బొమ్మ ఆగిపోవడం, నొక్కితే పలకకపోవడం మొదలైంది. గోడౌను ఖాళీ చేశాను, వైఫై పెట్టె హాల్లోకి మార్చాను. కొంత మెరుగైందిగాని పోలేదు. అదే గదిలో, అదే వైఫై మీద కోడలి ఫోన్‌తో మాట్లాడితే ఒక్కసారి కూడా తెగలేదు. అంటే బల్లే చాలడం లేదు. ప్యాచ్ తేదీ చూస్తే రెండేళ్ల నాటిది.

అంతకంటే నన్ను కదిలించింది ఇంకొకటి. నాలుగు ఆదివారాల తర్వాత మా ఆవిడ టాబ్లెట్ ముట్టుకోవడం మానేసింది. "నాకు చేత కావడం లేదులెండి, ఏదో తప్పు నొక్కుతున్నాను, మీరే మాట్లాడండి" అంది. యంత్రం చేసే తప్పును తన తప్పనుకుంది. మిత్రులారా, మన వయసులో ఇది చిన్న విషయం కాదు. నడవలేమని ఒప్పుకున్నాం, వినబడదని ఒప్పుకున్నాం. చేతకానిది మనమేనని ఒకసారి మనసులో పడితే, ఆ పని మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం. కండెమ్ చేయడానికి ఏ ప్రకటనలోనూ రాయని కారణం ఇది. నా లెక్కలో అన్నిటికంటే బలమైనది.

కొన్నాం. 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజి, ఏడేళ్ల గడువు ఉన్నది, వైఫై మాత్రమే. సిమ్ ఉన్నదానికి ఇంకొన్ని వేలు ఎక్కువ, ఇల్లు దాటని మనిషికి అనవసరం. అరకిలో బరువు చేత్తో పట్టుకుంటే మణికట్టు నొప్పి కనుక ఒక స్టాండు తీసుకున్నాం. దుకాణంలో ఒక పావుగంట ఆమెనే కూర్చోబెట్టి వాడించి, ఆమె బాగుందన్నాకే బిల్లు కట్టాం. పాతది వంటింట్లో పాటలు పాడుతోంది. దానిలోంచి బ్యాంకు యాప్, అవసరం లేని ఖాతాలు తీసేశాం.

పాతది ఎక్స్‌ఛేంజికి ఇచ్చేవారు ఒక వరస గుర్తుంచుకోండి. ముందు ఫొటోలు మరోచోట దాచండి. తర్వాత గూగుల్ ఖాతా తీసేయండి. ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మెమరీ కార్డు ఉంటే బయటికి తీయండి. బొత్తిగా పనికిరానిదైతే చెత్తబుట్టలో వేయకండి. ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. నమోదైన రీసైక్లింగ్ వారికే చేర్చాలి.

పిల్లలకు కూడా ఒక మాట. మీరు ప్రేమతోనే కొంటామంటున్నారు, కాదనం. కొనేముందు అమ్మానాన్నల పక్కన కూర్చుని, ఏ పని ఆగిందో ఒక్కసారి వాళ్ల చేతే చేయించి చూడండి. చాలా ఇళ్లలో కావలసింది కొత్త టాబ్లెట్ కాదు, ఆ గంటసేపు కూర్చోవడం. కొన్ని ఇళ్లలో నిజంగానే కొత్తది కావాలి. ఏ ఇల్లు ఏదో తెలిసేది అలా కూర్చున్నప్పుడే.

ఈ రోజు టాబ్లెట్ వెంట తెచ్చుకున్నవారు ఉంటే, భోజనాలయ్యాక వెనక వరసలో కూర్చుంటాను. ప్యాచ్ తేదీ, గోడౌను రెండూ కలిసి చూద్దాం.