తోట రైలుకు కరెంటు ఎక్కడి నుంచి?

పెరట్లో బొమ్మరైలు నడపాలంటే డబ్బు పెట్టేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: కరెంటు పట్టాల్లోంచి ఇవ్వాలా, ఇంజన్‌లోనే బ్యాటరీ పెట్టాలా?

జర్మనీలో 1968లో వచ్చిన ఎల్‌జీబీ రైళ్లు పట్టాల కరెంటుతోనే నడిచేవి. పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు. ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. వోల్టేజీ పెంచితే స్పీడు, ప్లస్ మైనస్ మారిస్తే రివర్సు. ఒకే లైన్లో రెండు ఇంజన్లను విడివిడిగా నడపాలంటే డీసీసీ కావాలి. అందులో ఒక్కో ఇంజన్‌కీ ఒక్కో నంబరు ఉంటుంది.

చిక్కల్లా ఆరుబయటే. ఎండకీ వానకీ ఇత్తడి పట్టా నల్లబడుతుంది, జాయింట్లు వదులవుతాయి. దూరం పోయేకొద్దీ వోల్టేజీ తగ్గి రైలు నీరసపడుతుంది. జాయింట్లకు క్లాంపులు బిగించాలి, మధ్యమధ్యలో వైర్లు కలపాలి, పట్టాలు తుడుస్తుండాలి.

బ్యాటరీ, రేడియో రిమోట్ అయితే ఈ బాధ లేదు. కాకపోతే ఛార్జింగ్ చూసుకోవాలి, చిన్న ఇంజన్లో బ్యాటరీకి చోటు చాలదు.

నన్నడిగితే, లైను పొడవు, తుడిచే ఓపిక లేదంటే బ్యాటరీ. చిన్న లైను, ఎక్కువ ఇంజన్లు అంటే పట్టాల కరెంటు. ఏదైనా సరే, 230 వోల్టుల ప్లగ్గుకు పెట్టే ట్రాన్స్‌ఫార్మర్, ఛార్జర్ మాత్రం వాన తగలకుండా ఇంట్లోనే ఉండాలి. అందులో మాత్రం రాజీ వద్దు!