కెప్టెన్ నెమో మన దేశంవాడే!

ఈరోజు జూల్స్ వెర్న్ గురించి మాట్లాడుకుందాం. 1828లో ఫ్రాన్స్‌లోని నాంట్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. 1865లో వచ్చిన నవలలో ముగ్గురు మనుషుల్ని ఫ్లోరిడా నుంచి చంద్రుడి వైపు పంపాడు. 1969లో అపోలో 11 కూడా ముగ్గురితో ఫ్లోరిడా నుంచే బయల్దేరింది! అందుకే ఆయన్ని భవిష్యత్తు ముందే చూసినవాడు అంటారు.

నాకు మాత్రం ఆయన మనిషి మనసుని చూసిన తీరు ఇంకా నచ్చుతుంది. కెప్టెన్ నెమోనే తీసుకోండి. కరెంటుతో నడిచే నాటిలస్ అనే సబ్‌మెరైన్ కట్టి, సముద్రం అడుగున తిరుగుతుంటాడు. ఇంతకీ ఆ నెమో ఎవరు? బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్! ‘మిస్టీరియస్ ఐలాండ్’ నవలలో ఈ సంగతి బయటపడుతుంది. 1857 తిరుగుబాటులో ఇంగ్లిష్ వాళ్లతో పోరాడాడు. ఓడిపోయాడు. అయినవాళ్లందర్నీ పోగొట్టుకున్నాడు.

స్వేచ్ఛ కోసం పోరాడేవాళ్లకి బంగారం పంపిన చెయ్యి అతనిది. అదే చెయ్యి ఓ యుద్ధనౌకని మనుషులతో సహా ముంచేసింది. పగ తీరింది కదా, సంతోషించాడా? లేదు. గదిలోకెళ్లి, భార్యాపిల్లల బొమ్మ ముందు మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు.

సైన్స్ నెమోని సముద్రం అడుగుకి తీసుకెళ్లింది గానీ, అతని మనసులోని మంటని ఆర్పలేకపోయింది. యంత్రం ఎంత గొప్పదైనా, నడిపేది మనిషి మనసే. మరి మీకు నెమో హీరోనా, విలనా? కామెంట్‌లో చెప్పండి.