పడవ ఎక్కే ముందు ఒక అరగంట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇంజనీరింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పడవల గురించి చెప్తాను. వరంగల్‌కు సముద్రమే లేదు, పడవలతో మనకేం పని అనుకోకండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. పాపికొండలు చూద్దామని మన కడిపికొండ నుంచి 14 మంది వెళ్తే, 9 మంది ప్రాణాలతో తిరిగి రాలేదు. పడవలో ఉన్న 77 మందిలో బతికింది 26 మంది. అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం పడవను పైకి తీసినప్పుడు లోపల ఇంకా శవాలున్నాయి.

పడవ తేలడం వేరు, ఒరగకుండా నిలబడటం వేరు. మొదటిది ఆర్కిమెడిస్ పాఠంలో మన సార్లు చెప్పారు. రెండోది జనం మీద ఆధారపడుతుంది. అందరూ పై అంతస్తు ఎక్కినా, ఫొటో కోసం ఒకే పక్కకు వచ్చినా పడవ ఒరుగుతుంది. అడుగున నిలిచిన నీళ్ళు కూడా ఒరిగిన వైపుకే పరుగెత్తి ఇంకా ఒరిగిస్తాయి. అందుకే అడుగున నీళ్ళున్నాయా, జనం ఎక్కాక అంచు నీటికి ఎంత ఎత్తులో ఉంది అన్నవి ముందు చూడాలి. లోపలి గదికి రెండు దారులున్నాయా, ఇంజన్ ఆగిపోతే తెడ్డు, తాడు, లంగరు ఉన్నాయా అన్నవి తర్వాత.

లైఫ్ జాకెట్ల దగ్గర కాస్త ఆగాలి. "ఉన్నాయి సార్" అంటారు. ఉంటాయి, తాడుతో కట్టిన మూటలో! బకిల్ పడుతుందా? పిల్లల సైజు ఉందా? పెద్దల జాకెట్ పిల్లకు వేస్తే నీళ్ళలో జాకెట్ పైకి పోతుంది, పిల్ల కిందికి జారుతుంది. పరీక్ష సులభం. బెల్టులన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. చెవుల దాకా వచ్చిందంటే ఆ జాకెట్ ఆ పిల్లది కాదు.

అమెరికాలో కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ అని 1939లో మొదలైన వాలంటీర్ల దళం ఉంది. విహార పడవల యజమానులు పిలిస్తే వచ్చి ఉచితంగా తనిఖీ చేస్తారు. అన్నీ ఉంటే స్టిక్కర్ అంటిస్తారు. లేకపోతే జరిమానా లేదు, పోలీసులకు చెప్పడం లేదు, లోపాల చిట్టా యజమాని చేతికే ఇస్తారు. భయం లేదు కాబట్టి ఆయన దాచడు. అధికారం లేకపోవడమే వాళ్ళ బలమని నా అభిప్రాయం.

మన దగ్గర 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే సర్కారు పని, అది మనం చేయలేం. కానీ సర్టిఫికెట్ ఇచ్చిననాటి పడవ వేరు, ఇవాళ పొద్దున రేవులో ఉన్న పడవ వేరు.

టీచర్లకు ఒక మాట. 2024 జనవరి 18న వడోదర హరణి చెరువులో స్కూల్ పిక్నిక్ పడవ బోల్తా పడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. మన పిల్లలూ లక్నవరం, పాకాల, రామప్ప వెళ్తారు. బస్సు దిగిన పిల్లలు కేరింతలు కొడుతుంటే, ఒడ్డున నిలబడి "వద్దు" అనడం ఏ టీచరుకైనా కష్టం. అందుకే తనిఖీ ముందు రోజే అయిపోవాలి. బోటింగ్ వాళ్ళ అనుమతితో మనలో ఇద్దరు వెళ్ళి చూసి, చిట్టా వాళ్ళకొకటి, హెడ్‌మాస్టర్ గారికొకటి ఇవ్వాలి. మొదట్లో వాళ్ళు ముఖం చిట్లిస్తారు, పర్వాలేదు. మనం రాసిచ్చేది ఆ ఒక్క రోజుకే అన్న మాట కూడా దాని మీద రాయాలి.

ఈ ఏడు పిక్నిక్‌కు ముందు రోజు లక్నవరం వెళ్దాం. వచ్చేవాళ్ళు భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి. టార్చ్‌లైటు, కొలత టేపు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.