పరుపు లోపలి సరుకు, పైనున్న చీటీ



ఒకప్పుడు పల్లెల్లో పరుపు కుట్టించాలంటే దూదేకులవారు ఇంటి ముంగిటికే వచ్చేవారు. గట్టిపడిన దూదిని విల్లుతో ఏకి, ఇంటివారి కళ్లెదుటే గుడ్డలో కూరి కుట్టేవారు. అది పత్తి దూదో బూరుగు దూదో, కొత్తదో పాతదో, ఎంత పట్టిందో ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఆ పరుపుకు చీటీ అక్కర లేదు. కళ్లతో చూసినదే సాక్ష్యం.

నగరానికి వలస వచ్చిన కుటుంబానికి ఆ ముంగిలి లేదు. పరుపు ప్లాస్టిక్ చుట్టుకొని, నాలుగు వైపులా కుట్టుతో మూసుకొని వస్తుంది. లోపల కొబ్బరి పీచు ఉండవచ్చు, ఫోమ్ ఉండవచ్చు, ఫోమ్ ముక్కలను జిగురుతో అదిమిన పలక ఉండవచ్చు, వాడిన బట్టలను చీల్చి తీసిన పీచు కూడా ఉండవచ్చు. వీటిలో దేన్ని అమ్మినా తప్పు కాదు. పాతదాన్ని కొత్తదని, ఒకదాన్ని మరొకటని చెప్పి అమ్మడం తప్పు. రోజుకూలి మీద బతికే ఇంటికి పరుపు చిన్న ఖర్చు కాదు. పైగా పసిబిడ్డ రాత్రంతా ముఖం ఆనించి పడుకునేది దాని మీదనే.

ఈ చింత ఇప్పటిది కాదు, ఒక్క దేశానిదీ కాదు. పాత గుడ్డపీలికల నుంచి తీసిన పీచు శుభ్రంగా ఉండాలని బ్రిటన్ 1911లోనే చట్టం చేసింది. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో, లోపలి సరుకు ఏమిటో, కొత్తదో వాడినదో తెలిపే చీటీని పరుపుకు కుట్టాలి. కొనుగోలుదారు తప్ప మరెవరూ దాన్ని తీయరాదు.

మన దేశంలో ముందుగా ప్యాక్ చేసిన సరుకులకు 2011 నాటి తూనికలు కొలతల నియమాలు వర్తిస్తాయి. తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, సరుకు పేరు, పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు సంప్రదించవలసిన వివరాలు చీటీపై ఉండాలి. ఈ వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు. అందుచేత చదవలేనివారు ఇంట్లో చదువుకునే పిల్లలను వెంట తీసుకువెళ్లడం మేలు.

అయితే లోపలి సరుకు ఏ పాళ్లలో ఉన్నదో చెప్పాలన్న మాట ఆ జాబితాలో లేదు. ఆ లోటును బిల్లుతో పూరించుకోవాలి. దుకాణదారు నోటితో చెప్పిన “కొత్త దూది”, “కొబ్బరి పీచు” అన్న మాటలను బిల్లు మీద రాయించుకోవాలి. నిజం చెప్పే వ్యాపారి రాయడానికి వెనుకాడడు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత, ధర తెలుసుకునే హక్కును కొనుగోలుదారుకు ఇచ్చింది. వాడిన సరుకును కొత్తదిగా చూపడం, బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజులలో, వెనక్కు తీసుకోకపోవడమూ అంతే.

మోసం జరిగితే ముందుగా జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. వలస వచ్చినవారికి ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది: దుకాణం ఎక్కడ ఉన్నా, కొనుగోలుదారు నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. పరుపును సొంత ఊరి నుంచి కొని తెచ్చుకున్నా, కేసు కోసం అక్కడికి తిరగనక్కరలేదు.

పరుపు ఇంటికి చేరగానే చాలామంది చేసే మొదటి పని చీటీ కత్తిరించడం. అది మెడకింద గుచ్చుకుంటుందన్నది నిజమే. కత్తిరించినా పారవేయక, బిల్లుతో కలిపి రేషన్ కార్డు పక్కన దాచుకోవాలి. ముంగిట్లో దూది ఏకుతుండగా ఇంటివారు చూసిన చూపుకు బదులు నేడు మిగిలినవి ఆ రెండు కాగితాలే.