ఎదురింటి పిల్లల బడి - వీధిలో కార్లు



2018లో కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. ఎదురింటావిడ తన ఇంట్లోనే పసిపిల్లలను చూసుకునేది. మా మనవరాలికి అక్కడ చోటు దొరికితేనే కోడలు ఉద్యోగానికి పోగలదు. 8 మంది దాకా పేచీ లేదు; 14 మందికి పెంచాలంటే ఆ నగరపాలక సంస్థవారి అనుమతి కావలసి వచ్చింది. కార్లు పెరుగుతాయని ఇరుగుపొరుగువారు అభ్యంతరం పెట్టారు. పొద్దుటి నడకకు పోయే నాకూ ఆ భయం తెలుసు. అయితే పిల్లలను దింపడానికి అందరూ ఒకే వేళకు రారు.

విచారణకు నేనూ వెళ్లాను, ఫైళ్ల వాసన వదలదు గదా! రూలు ప్రకారం చూడవలసింది ట్రాఫిక్, పార్కింగు, శబ్దం, ఇలాంటి ఇళ్ల మధ్య దూరం. సగం మంది మాట్లాడింది ఇళ్ల ధరల గురించి! వాయిదా వేశారు. కోడలు సెలవు పొడిగించుకుంది.

2020 జనవరి 1న అమలుకొచ్చిన రాష్ట్ర చట్టంతో అక్కడ ఆ అనుమతే అక్కర్లేకపోయింది. లైసెన్సు, అగ్నిమాపక తనిఖీ మాత్రం తప్పవు. కార్ల వేళలు సర్దుకోవలసింది ఇక ఆవిడా, తల్లిదండ్రులూనే.