చూసి ఊరుకోని పిల్లలు



మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వారం రోజులు బడికి రాలేదు. ఆరా తీస్తే, ఎవరో ఆమె ఫొటో మీద వెక్కిరింత రాసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారని తెలిసింది. పెట్టింది ఒక్కరు, నవ్వింది ముప్పై మంది. మేమూ పొరపాటు చేశాం. సంగతంతా తరగతిలో బయటపెట్టి అందరినీ కేకలేశాం. ఆ పిల్ల మరింత ముడుచుకుపోయింది.

తరువాత దారి మార్చాం. పిల్లలను ఐదుగురేసి జట్లు చేసి, ఇలాంటి కథను ఊహించి రాయమన్నాం. బొమ్మలు గీశారు, తమ గొంతులతో కథ చెప్పి ఫోనులో రికార్డు చేశారు, మూడు నిమిషాల వీడియోలుగా కూర్చారు. ఎవరి పేరూ, ముఖమూ ఉండకూడదు. చూస్తూ ఊరుకున్నవారు ఏం చేయగలరో మాత్రం తప్పక చూపాలి. "నేనిది ఎవరికీ పంపను" అన్న మాటతో ఒక జట్టు కథను మలుపు తిప్పింది. అది చూశాక, ఫొటో పెట్టిన అబ్బాయి తనంతట తానే వచ్చి ఒప్పుకున్నాడు.

ప్రతి వీడియో చివరా నాలుగు మాటలు చేర్చాం: బదులివ్వకు, స్క్రీన్‌షాట్ దాచు, బ్లాక్ చెయ్యి, పెద్దలకు చెప్పు. పిల్లల సాయానికి 1098 ఉంది.

వెక్కిరింతనూ మారుపేర్లనూ సూరా హుజురాత్ వారించిందని పిల్లలకు నేర్పుతాం. ఫోనుకూ అదే వర్తిస్తుందని చెప్పడం మరిచాం.

మీరు ఫీజులిస్తున్నారు, పుస్తకాలిస్తున్నారు. ఇంట్లో పిల్లల చేతికి ఫోనిచ్చేటప్పుడు, పక్కన కూర్చుని ఒక గంట కూడా ఇవ్వండి.